తొండం లేని గణపతి

నా గోత్రమేమిటో నాకు తెలియదన్న సంగతి నలభై ఒకటో ఏట, ఓ యాభై మంది చూస్తుండగా బయటపడింది. ఆ యాభై మందీ 'అస్తిత్వం' మీద నేను వేసిన ఇరవై అడుగుల బొమ్మను చూడ్డానికి వచ్చినవాళ్లు. బొమ్మలో ఉన్నది మా కులపురాణం. గోత్రం అడిగింది ఆ పురాణాన్ని తరతరాలుగా చెప్పుకొస్తున్న కూనపులి కథకుల్లో ఓ పెద్దాయన. నేను గుటకలు మింగి, గోడవైపు తిరిగి, మా అమ్మకు ఫోన్ చేశాను.

ఇంత వైభవంగా పరువు పోగొట్టుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ వైనం చెబుతాను.

మాది సిరిసిల్ల. తాతది గుంతమగ్గం. నాన్నకు వచ్చేసరికి అది సాంచాలయింది. సాంచాలంటే మరమగ్గాలు. అమ్మ బీడీలు చుట్టేది. సాంచాల చప్పుడు వినపడకపోతే నిద్ర పట్టని ఊరి నుంచి బొమ్మలు నేర్చుకోవడానికి హైదరాబాద్ వచ్చి, చదువయ్యాక ఓ ప్రకటనల కంపెనీలో చేరాను. సబ్బు పెట్టెల మీద నవ్వే తల్లీబిడ్డలు, బిస్కెట్ పొట్లాల మీద గోధుమ కంకులు నా సృష్టే. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో 'అస్తిత్వం' అన్న మాట నాకూ అంటుకుంది. ధూంధాంలకు పోయి గొంతు పోయేలా అరిచాను. 2014 జూన్ 2 రాత్రి అందరితో పాటు రోడ్డు మీదే ఉన్నాను. ఆ తర్వాత నాలో మిగిలింది చేనేత చొక్కా ఒకటే. ఆ చొక్కా తొడుక్కుని 'మేం నేతగాళ్లం' అని సభల్లో గొంతు సవరించుకునేవాణ్ని. అవతల మా నాన్న సాంచాల మీద దిగుతున్నది పాలిస్టర్ బట్ట అని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో ఓ సంస్థవాళ్లు 'అస్తిత్వం, కథ, సమాజం' అని ప్రదర్శన పెడుతున్నామని, బొమ్మలకు డబ్బు కూడా ఇస్తామని కబురు చేశారు. దరఖాస్తులో నేను రాసింది ఇప్పటికీ కంఠస్థం: 'మౌఖిక సంప్రదాయాన్ని సమకాలీన దృశ్యభాషలో పునర్నిర్మించే ప్రయత్నం.' దాని అర్థం నాకు తెలియదు. వాళ్లకూ తెలియలేదనుకుంటాను. అందుకే డబ్బు మంజూరయింది.

పని మొదలుపెట్టే ముందు చేర్యాల వెళ్లాను. జనగామ దాటి కాసేపు ప్రయాణం. అక్కడి నకాషీ ఇళ్లలో పటాలు వేస్తారు. పటమంటే గోడకు తగిలించే చట్రం బొమ్మ అనుకునేరు. మూడడుగుల వెడల్పు, ముప్ఫై నలభై అడుగులు, ఒక్కోసారి అరవై అడుగుల దాకా పొడవుండే గుడ్డ చుట్ట అది. పై నుంచి కిందికి వరుసలు వరుసలుగా కథ దిగుతుంది. రాత్రిపూట చుట్టను కొంచెం కొంచెం విప్పుకుంటూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ, పాడుతూ, మధ్యలో మాట కలుపుతూ కథకులు చెబుతారు. నకాషీవాళ్లు వేస్తారు, కథకులు చెబుతారు, కులంవాళ్లు వింటారు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా పటానికి పని లేదు. ఈ ముక్క నాకు చేర్యాలలోనే చెప్పారు. నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకుంటే తెలిసినట్టే అనుకోవడం చదువుకున్నవాడి మొదటి జబ్బు.

అక్కడ ఓ నకాషీ అన్న గుడ్డను సిద్ధం చేయడం చూపించాడు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన అంబలి. దానికి బియ్యపు గంజి, సుద్దమట్టి, చెట్టు జిగురు. ఖద్దరు గుడ్డకు ఈ పూత ఒకసారి పూసి ఆరబెట్టాలి. మళ్లీ పూయాలి, మళ్లీ ఆరాలి. మూడోసారీ అంతే. అప్పుడే దాని మీద కుంచె పెట్టాలి. ఉడికే గంజి వాసన ముక్కుకు తగలగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాపి, దానికి గంజి పట్టించి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకుని దువ్వేవాళ్లు. ఆ దువ్వే సాధనం పేరు కుంచె. నా చేతిలో ఉన్నదీ కుంచే. నేతగాడి పనిముట్టుకూ బొమ్మగాడి పనిముట్టుకూ తెలుగులో ఒకటే పేరని అక్కడ నిలబడి మురిసిపోయి, ఫోన్‌లో రాసుకుని, దాని మీద ఓ వ్యాసం రాయాలనుకుని, అసలు సంగతి వదిలేశాను. గంజి ఎందుకు పెడతారు? దారం బిగువుగా ఉండాలి, వంచితే విరగకూడదు. గుడ్డకైనా అంతే. నేతగాడి మనవడికి ఎవరూ చెప్పకుండానే తెలియాల్సిన విషయం.

"ఎన్ని రోజులు పడుతదన్నా?" అని అడిగాను.

"గుడ్డ తయారైతందుకే వారం. తొందరైతే ఇంకేదన్న పని చేస్కోరాదు తమ్మీ" అన్నాడు.

ఆయన హాస్యమాడుతున్నాడనుకుని నవ్వి, బస్సెక్కాను.

హైదరాబాద్ వచ్చి బజారులో మందపాటి కాన్వాసు కొన్నాను. సుద్దముక్కల పొడిలో తెల్ల బంక కలిపి ఒకే ఒక్కసారి దట్టంగా పూశాను. ఒక్క పూటలో ఆరింది. 'పాతకాలంవాళ్లకు ఈ తెలివి లేకపోయింది' అని ఆ సాయంత్రం నా భార్యతో అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అననప్పుడు నేను జాగ్రత్తపడాలని పన్నెండేళ్ల కాపురంలో నేర్చుకోలేదు.

ఇక రంగులు. చేర్యాల పటానికి వెనకాల ఎరుపు పరుచుకుని ఉంటుంది. ఇంగిలీకపు ఎరుపు. దాని మీద పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు నిప్పురవ్వల్లా లేస్తాయి. నా కళ్లకు అది మొరటుగా కనిపించింది. మా కంపెనీలో ఖరీదైన వస్తువుకు పాలిపోయిన రంగులు వాడతాం. బూడిద, గోధుమ, ఇసుక. మార్కండేయుడి వంశంలో పుట్టి, తామరతూడు దారంతో దేవతలకు బట్టలు నేసిన మా మూలపురుషుడు భావనారుషిని నేను ఇసుక రంగు మీద బూడిద రంగుతో వేశాను. పక్కన పులిని కూడా అదే బూడిదతో వేస్తే పిల్లి అనుకుంటారని మీసాలు పెద్దవి చేశాను.

కథ ఎక్కణ్నుంచి తెచ్చానంటారా? ఓ పుస్తకంలో నాలుగు పేజీలు చదివాను. కూనపులివాళ్లు రాత్రులకు రాత్రులు చెప్పే కథను నాలుగు పేజీల్లో చదివి, అందులో 'నేటి పాఠకుడికి అవసరం లేనివి' తీసేశాను. చివర్లో నూటొక్క గోత్రాల పుట్టుక ఉంటుంది. నూటొక్క ముఖాలు వేసే ఓపిక లేక అట్టముక్క మీద ఒక్క ముఖం కోసి, అదే అచ్చును నూటొక్కసార్లు అద్దాను. 'సామూహిక అస్తిత్వంలో వ్యక్తి అదృశ్యం' అని దానికో వ్యాఖ్యానం కూడా తయారుచేసుకున్నాను.

అన్నిటికంటే పెద్ద ఘనకార్యం ఇంకొకటుంది. పటం ఎప్పుడూ గణపతితో మొదలవుతుంది. పైన ఆయన, తర్వాత సరస్వతి, ఆ తర్వాతే కథ. నేను ఆధునికుణ్ని కదా, గణపతిని తీసేశాను. ఖాళీ అయిన చోట ఎవరో ఒకరు ఉండాలి. 'కథ చెప్పేవాడు ఈనాటి కళాకారుడే' అన్న గంభీరమైన తర్కంతో, చేనేత చొక్కా తొడుక్కుని, చేతిలో కుంచెతో, కాళ్లు మడుచుకుని కూర్చున్న నన్ను నేను వేసుకున్నాను. పొట్ట తగ్గించి వేద్దామనుకున్నాను గానీ నిజాయితీ అడ్డొచ్చింది.

ప్రదర్శన ముందురోజు కాన్వాసును చుట్టి ఆటోలో వేసుకుపోయాను. విప్పి చూస్తే సుద్దపూత పైనుంచి కిందిదాకా అడ్డంగా పగుళ్లిచ్చింది. భావనారుషి మొహం మూడు ముక్కలు, పులి రెండు ముక్కలు. గుండె ఆగినంత పనయింది. ఈలోగా ఓ పెద్దమనిషి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "ఈ పగుళ్లు... వృత్తి కులాల చరిత్ర మీద పడ్డ గాయాలు కదూ!" అన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఈ వ్యాసంలో నేను ఒప్పుకుంటున్న తప్పులన్నిటిలోకీ సిగ్గుపడాల్సింది ఆ తలూపడమే. మిగతావి తెలివితక్కువతనం, అది అబద్ధం.

గోడ పన్నెండడుగులే ఉంది. మిగిలిన ఎనిమిదడుగుల బొమ్మను నేల మీదికి జారవిడిచారు. జనం తొక్కకుండా చుట్టూ తాడు కట్టి, 'దయచేసి తాకరాదు' అని చీటీ పెట్టి, దానికి 'ఇన్‌స్టలేషన్' అని పేరు పెట్టారు. బొమ్మకు గౌరవం ఒక్కసారిగా పెరిగిపోయింది.

ప్రారంభోత్సవానికి కూనపులి కథకులతో ఓ ఇరవై నిమిషాల కార్యక్రమం పెట్టిద్దామన్నది నా ఆలోచనే. ఎవరినో పట్టుకుని ఓ నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, అవతలాయన రేటు చెప్పలేదు, తేదీ అడగలేదు. "మీదే ఊరు సారూ?" అన్నాడు. సిరిసిల్ల అన్నాను. "అయితే మీరు మా వంతు కాదు. మా బావోల్ల వంతు. ఆయినకు జేయుండ్రి" అని ఇంకో నంబరిచ్చాడు. నాకు చిరాకేసింది. ఏజెన్సీల్లాగా వీళ్లు ఏరియాలు పంచుకున్నారేమిటి అనుకున్నాను. ఒక్కో కథకుల కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద హక్కుంటుందని, దాన్ని మిరాశి అంటారని, ఒకరి ఊరికి ఇంకొకరు పోరని తర్వాత తెలిసింది. నేను వాళ్లను వెతుక్కుంటున్నాననుకున్నాను. వాళ్ల లెక్కలో మా ఇల్లు ఎప్పుడో రాసి ఉంది.

ఆ బావగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల ధోవతి, భుజం మీద కండువా, వెంట హార్మోనియం పట్టుకుని కొడుకు, తాళాలతో ఇంకో బంధువు. తాత నా బొమ్మ ముందు నిలబడి పై నుంచి కిందికి తీరిగ్గా చూశాడు. యాభై మందీ నిశ్శబ్దంగా ఉన్నారు. చివరికి నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సారూ, గణపతికి తొండం బెట్టుడు మర్శిండ్రా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "అది గణపతి కాదు తాతా, నేనే" అన్నాను. ఆయన ఇంకోసారి చూసి, "పొట్ట గల్సింది" అన్నాడు. ఇంకో నలుగురు నవ్వారు.

సరే, కథ ఎత్తుకుందామని చేతిలో పుల్ల లేపాడు. తాడు దగ్గర నిలబడ్డ కాపలా కుర్రాడు పరుగున వచ్చి చీటీ చూపించాడు. "తాకకుండ ఎట్ల జెప్పుడు బిడ్డా?" అన్నాడు తాత. నిర్వాహకులు నా మొహం చూశారు. నేను నేల చూశాను. అక్కడ నా నూటొక్క ముఖాలు పడి ఉన్నాయి. తాత చూపు కూడా అక్కడే ఆగింది. ఆయన తాడు కింద నుంచి వంగి, గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తి, ఓ కుర్చీ మీద పెట్టాడు. "గోత్రాలు కింద బడొద్దు" అన్నాడు. ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదు. చంటిపిల్ల దొర్లి పడబోతే పట్టుకున్నట్టు అన్నాడు.

అప్పుడడిగాడు: "మీ గోత్రమేంది సారూ?"

తెలియదన్నాను. ఆయనకు వినపడలేదనుకుని మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను.

"గోత్రం జెప్పకుంటె నేను కథ ఎవలికి జెప్పాలె?"

ఈ ప్రశ్నకు నా దరఖాస్తులో జవాబు లేదు. ఫోన్ తీశాను. అమ్మ ఎత్తగానే గోత్రం అడిగాను. కంగారులో ఏదో నొక్కానేమో, ఆమె గొంతు హాలంతా మోగింది: "గిప్పుడు గోత్రమెందుకురా? రెండో లగ్గం గిట్ల చేస్కుంటున్నవా?"

నా భార్య మొదటి వరుసలో కూర్చుని ఉంది.

నవ్వులన్నీ సద్దుమణిగాక అమ్మ చెప్పిన ఋషి పేరును నేను తాతకు అప్పగించాను. ఆ పేరు వినగానే ఆయన నిలబడ్డ తీరు మారింది. నా పటానికి వీపు పెట్టి, నాకు ఎదురుగా తిరిగి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. ముందు గణపతి. తర్వాత సరస్వతి. నేను తీసేసినవాళ్లంతా వరుసగా వచ్చి హాల్లో కూర్చున్నారు. ఇరవై నిమిషాలనుకున్నది గంటన్నర సాగింది. ఆ గంటన్నరలో ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా బొమ్మను చూడలేదు. అవసరం రాలేదు.

తర్వాత చాయ్ తాగుతూ రంగుల గురించి అడిగాను. మొరటు ఎరుపు ఎందుకో అప్పుడు చెప్పాడు. "రాత్రి కథ. దీపం ఎలుగుల ఎనుక కూసున్న ముసలవ్వకు కనబడాలె గదా." నేను బూడిద రంగు ఎంచుకున్నప్పుడు నా లెక్కలో ఏ ముసలవ్వా లేదు. కళ్లద్దాల పెద్దమనిషి ఒక్కడే ఉన్నాడు.

ఇంటిపేరు చెప్పగానే ఆయన మా తాతను గుర్తుపట్టాడు. మా వీధికి వచ్చేవాళ్లమని, మా ఇంటి ముందు గద్దె మీద పటం కట్టేవాళ్లమని చెప్పాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ల వయసులో నేను ఆ పటాన్ని చూశాను. అంటే, చూడలేదు. వీధిలో కథ నడుస్తుంటే నేను ఎదురింట్లో టీవీ ముందు కూర్చున్నాను. మా తాత పోయాక నాన్న ఆ కథకులకు ఇచ్చే కట్నం తగ్గిస్తూ వచ్చాడు. సాంచాలకు కరెంటు బిల్లు, దారానికి అప్పు, ఆయన కష్టం ఆయనది. ఓ ఏడాది 'వచ్చే ఏడు చూద్దాం' అన్నాడు. ఆ వచ్చే ఏడు ఇరవై ఏడేళ్లయినా రాలేదు. నా గుమ్మం ముందుకు నడిచొచ్చిన కథను వెళ్లగొట్టి, దాన్నే 'పునర్నిర్మిస్తానని' నేను డబ్బు తీసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు బుద్ధిగా తిరిగాను. మాకే కాదు, చాలా కులాలకు ఇలాంటి కథకులున్నారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు. చాకలివాళ్లకు మడేల్ పురాణం. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. గొల్లలకు మందెచ్చులవాళ్లు పటానికి బదులు బొమ్మలు పెట్టి కథ నడుపుతారు. ఒక్క పురాణమే వింటే మన కులం ఒక్కటే సృష్టికి మూలమన్న పొగరు ఎక్కుతుంది. నాకు ఎక్కింది. అన్నీ పక్కపక్కన పెట్టుకుని వింటే ఇంకో సంగతి తేలుతుంది. ప్రతి కులం పురాణంలోనూ లోకానికి తక్కువైనదేదో ఆ కులపు మూలపురుషుడే తెచ్చిపెడతాడు. అంటే లోకం అన్ని కులాలకూ బాకీయే. అందరి గొప్పలూ చెప్పి బతికే ఈ కథకుల్లో చాలామందికి మాత్రం గుంట జాగా ఉండదు. మా 'అస్తిత్వం' ప్రదర్శన ఆహ్వానపత్రంలో నా పేరు రెండుచోట్ల వేశారు. తాత పేరున్నచోట 'జానపద బృందం' అని ఉంది.

చేర్యాలకు మళ్లీ వెళ్లాను. ఈసారి పుస్తకం పట్టుకుపోలేదు. కథకులు పటాలు చేయించుకోవడం తగ్గిపోయాక నకాషీలు ఏం చేస్తున్నారో అప్పుడు కళ్లు తెరిచి చూశాను. నలభై అడుగుల పటం గోడకు తగిలించే చట్రంలోకి కుదించుకుపోయింది. కొబ్బరిచిప్పల మీద చింతగింజల ముద్ద, రంపపు పొట్టు పట్టించి చేసే ముఖాలు కొనేవాళ్లకు నచ్చుతాయి, వాటితో ఇల్లు గడుస్తుంది. భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ చట్రంలో బొమ్మ కొనేవాళ్లు కథ అడగరు. 'ఇది హాల్లో సోఫా మీదికి బాగుంటుందా' అని అడుగుతారు. వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. మా హాల్లోనూ ఒకటుంది, సోఫా మీద.

ఆ ఎండాకాలం మా వీధివాళ్లం చందాలేసుకుని తాతవాళ్లను పిలిపించాం. పూర్వం రాత్రులకు రాత్రులు సాగిన కథ ఒక్క రాత్రికి కుదిరింది. వచ్చినవాళ్లు ముప్ఫై మంది, యాభై దాటినవాళ్లే ఎక్కువ. పక్క షెడ్డులో సాంచాలు ఆపలేదు, ఆపితే కూలి పోతుంది. ఆ చప్పుడు మీద నుంచే ఆయన పాడాడు. అసలు పటాన్ని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. మాసిపోయి, అంచులు చినిగి, నూనె మరకలు పడ్డా ఆ ఎరుపు చివరి కుర్చీ దాకా కనబడుతోంది. ఎన్నో ఏళ్లు చుట్టి విప్పిన గుడ్డ, మొహాల మీద ఎక్కడా పగులు లేదు. నాకిచ్చిన పని బల్బు పట్టుకోవడం. ఏ వరుస చెబితే ఆ వరుసకు దించుతూ పోవాలి. రెండుసార్లు తప్పు వరుసకు పట్టుకుని తిట్లు తిన్నాను.

గోత్రాలు పిలిచేటప్పుడు ఒక్కొక్కరే లేచి తోచింది చదివించారు. మాది రాగానే తాత మా ముత్తాత పేరు, తాత పేరు, నాన్న పేరు వరుసగా పాడి, ఆఖర్న నా పేరు కలిపాడు. ఇరవై ఏడేళ్ల బాకీ ఎంతవుతుందని అడిగాను. "లెక్క జేస్తె తెగదు. మల్లేడు మర్వకుండ పిలువుండ్రి" అన్నాడు.

నా ఇరవై అడుగుల బొమ్మ ఇప్పుడు సిరిసిల్లలో మా అమ్మ బీరువా మీదుంది. వానాకాలంలో పెంకుల సందుల నుంచి నీళ్లు కారితే దాన్ని బియ్యం బస్తా మీద కప్పుతుంది. నీళ్లు ఆపడంలో మంచి సరుకేనని ఆమె అభిప్రాయం.

మీకూ ఎవరో ఒక కథకులుండే ఉంటారు. ఏ పటంవాళ్లో, బొమ్మలవాళ్లో, ఒట్టి గొంతుతో చెప్పేవాళ్లో. మీ ఊరు వాళ్ల వంతులో ఇంకా ఉండొచ్చు. వెతికి పిలవండి. కానీ పిలిచే ముందు మీ గోత్రమో ఇంటిపేరో తాత పేరో, వాళ్లేది అడుగుతారో అది కనుక్కుని కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అందరి ముందు అమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఏమంటుందో చెప్పలేం.